మళ్ళీ రమ్మనని కిటికీ

మౌలాలి ఇరవై ఆరేళ్ళుగా మా ఆస్పత్రిలో ఓపీ చీటీలు రాస్తున్నాడు. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు పోయే దారిలో దిగి లోపలికి నడిస్తే వచ్చే పల్లె మాది. ఊరి పేరు చెప్పను, చెప్తే మా డాక్టరు ఊరుకోడు. నేను అక్కడ మందులిచ్చే ఫార్మసిస్టును, పేరు నారాయణ. మౌలాలి కిటికీకీ నా కిటికీకీ మధ్య ఒక పొడుగాటి చెక్క బల్ల, దాని మీద పేషెంట్లు. అందుకని అతని బతుకులో సగం నా చెవిన పడుతూనే గడిచింది.

"ఏంది బాధ?" అని అడుగుతాడు. వాళ్ళేమంటే అదే రాస్తాడు. 'గుండెలో రోకలి దంచుతాంది' అంటే అక్షరం పొల్లుపోకుండా అదే. డాక్టరు ఎన్నిసార్లు విసుక్కున్నా మానలేదు. ఒక్క విషయంలో మాత్రం మహా మొండి: ఆస్పత్రిలో అశుభం పలకడు, పలకనివ్వడు. ఎవరైనా పురుగుమందు తాగితే ఆ డబ్బా పరుగున తెచ్చి డాక్టరు చేతిలో పెడతాడు గానీ చీటీలో 'కడుపునొప్పి' అనే రాస్తాడు. ఇక మందులు తీసుకుని పోయేవాళ్ళతో 'మళ్ళీ రా' అనడం అతని లెక్కలో శాపం పెట్టడమే. పెళ్ళికి వచ్చినవాళ్ళను మళ్ళీ రమ్మంటాం గానీ ఆస్పత్రికి రమ్మంటామా? "పోండి, ఇంక ఈ పక్క రావద్దండి" అంటాడు. జనం నవ్వుకుంటూ పోతారు.

పోయినేడు అర్చన వచ్చింది. మనసు సంగతులు చదివిన పిల్లలను, జ్వరాలకూ బీపీలకూ జనం వచ్చే చోటే, డాక్టరు పక్క గదిలోనే కూర్చోబెట్టి పని నేర్పాలని ఎవరో తలపెట్టారు. వాళ్ళ పని చూసుకునే నందిని మేడం ప్రొద్దుటూరులో ఉంటుంది. ఆమె ముగ్గురు పిల్లలను వెంటేసుకొచ్చి ఇద్దరిని పులివెందుల వైపు సింహాద్రిపురంలో దించింది, ఒకరిని మాకిచ్చింది. అర్చన తెనాలి పిల్ల. సైకాలజీలో ఎమ్మే. కుర్చీకి కూడా 'అండీ' తగిలించే రకం.

మా దగ్గర ఆమెకు పని లేదనడానికి వీల్లేదు. గండికోట ప్రాజెక్టు నీళ్ళలో మునిగిన ఊళ్ళ జనం మా చుట్టూ కాలనీల్లో ఉన్నారు. పేరు తెలియని పొరుగు, చేలేమో నీళ్ళ కింద. పరీక్షల్లో ఏ రోగమూ దొరక్కపోయినా వారానికోసారి వచ్చేది ఎక్కువగా వాళ్ళే. మౌలాలి భార్య రహమత్‌బీ పుట్టినూరు కూడా ఆ నీళ్ళలోనే ఉంది, వాళ్ళమ్మ గోరీతో సహా. అప్పటికి ఏడాదిగా ఆమె కూడా ఆ బల్ల మీదికి వస్తోంది. ఒకసారి తల, ఒకసారి ఛాతీ, ఒకసారి కాళ్ళు. మొగుడు చీటీ రాసేవాడు, డాక్టరు గ్యాస్ అనేవాడు, నేను మాత్ర ఇచ్చేవాణ్ణి.

మొదటి రోజే అర్చన ఒక తప్పు చేసింది. నబీ రసూల్ అని ముసలి మేస్త్రీ, మోకాళ్ళ నొప్పులకు వచ్చి నిద్ర పట్టడం లేదన్నాడు. ఆమె అరగంట కూర్చోబెట్టుకుని విన్నది. ఆయన మెత్తబడ్డాడు, తేలికపడి లేచాడు. అప్పుడామె రెండు చేతులూ జోడించి "మళ్ళీ రండి తాతగారూ" అంది.

ముసలాయన గడప దగ్గరే నిలబడిపోయాడు. "మళ్ళా రావాల్నా? నేనేం పాపం సేసినా తల్లీ నీకు?"

ఆ కబురు సాయంత్రానికల్లా టీ అంగడి చేరింది. వారం పాటు ఆమె గది వైపు ఒక్కరూ తొంగి చూడలేదు. మౌలాలే వెళ్ళి చెప్పాడు. "ఈడ ఆ మాట అనగూడదు మేడం."

"ఈ వైద్యం ఒక్కసారితో అయ్యేది కాదండీ. ఆరేడుసార్లు రావాలి. మరి ఏమనమంటారు?"

మౌలాలి తన కిటికీకి తిరిగొచ్చి చీటీలు రాసుకున్నాడు.

తర్వాత ఫారం వచ్చింది. తొమ్మిది ప్రశ్నలు. పని మీద ఆసక్తి లేకుండా ఉంటోందా, దిగులుగా ఉందా, నిద్ర పట్టకుండా ఉంటోందా, ఇలా పోయి పోయి తొమ్మిదోది, బతకడం కంటే చావే మేలనిపిస్తోందా అని. చీటీ రాసేటప్పుడే అందరినీ అడిగి టిక్కు పెట్టే పని మౌలాలికి అప్పజెప్పారు. ఎవరికైనా 'ఉంది' గడిలో టిక్కులు ఎక్కువైతే అర్చన దగ్గరికి పంపాలి.

మౌలాలి ఒక్కరినీ అడగలేదు. పేరు రాసి, తొమ్మిదింటికీ 'లేదు' గడిలో టిక్కు పెట్టేవాడు. "జ్వరమని వచ్చిన ఆడమనిషిని నలుగురి ముందర నీకు సావాలనిపిస్తాందా అని అడగాల్నా? నా నోట్లో పురుగులు పడవా అప్పా?" అన్నాడు నాతో. అతని మటుకు అతను అందరికీ మంచే రాస్తున్నాడు. రహమత్‌బీ ఫారంలో కూడా తొమ్మిది 'లేదు'లు రాశాడు. నేను చూస్తూనే ఉన్నాను, ఎవరికీ చెప్పలేదు. ఒకరి కిటికీలో ఒకరం తల పెట్టకూడదని మా ఇద్దరికీ పాత ఒప్పందం.

మూడో నెలలో నందిని మేడం వచ్చి కట్ట విప్పింది. "మూడు వందల పన్నెండు మంది. ఒక్కరికీ ఏ బాధా లేదు. ఇదేమన్నా స్వర్గమా? సింహాద్రిపురంలో జనం వరస కట్టి కూర్చుంటున్నారు. ఒకటో తారీకు నుంచి నువ్వు అక్కడికి వెళ్ళు."

"నాకే మాట్లాడించడం చేతకాలేదేమో మేడం" అంది అర్చన. ఫారాల అంచులు సరిచేస్తూ కూర్చుంది. పాపం, ఆ పిల్ల తప్పు అందులో ఇసుమంతైనా లేదు. ఆ మాట మౌలాలికీ వినపడింది, నాకూ వినపడింది. ఇద్దరం తల దించుకున్నాం. సాయంత్రం ఇంటికి పోతూ మౌలాలి ఖాళీ ఫారం ఒకటి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం జరిగింది అతనే నాకు చెప్పాడు. రహమత్‌బీ వసారాలో చింతపండు గింజలు తీస్తోంది. ఇతను ఎదురుగా కూర్చుని, ఆస్పత్రి పని, తొమ్మిది ప్రశ్నలు అని చెప్పి చదవడం మొదలుపెట్టాడు.

"పని మింద ఆశ లేకుండా ఉంటాందా?"

"ఉంటాంది."

"నిద్ర పట్టకుండా ఉంటాందా?"

"పక్కనే పండుకుంటావు గదా. నీకు తెలీదా?"

ఎనిమిది అడిగాడు. కాగితం మడవబోయాడు. ఆమె గింజల మీది నుంచి చూపు తిప్పకుండానే అంది: "తొమ్మిది అంటివి. ఎనిమిదే అడిగినావు."

"అది బాగుండదులే."

"సదువు."

అతను కాగితం ఆమె చేతికిచ్చాడు. అయిదో తరగతి చదువు ఆమెది. వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. పెన్ను తీసుకుని తనే టిక్కు పెట్టింది. 'లేదు' గడిలో కాదు.

"మాయమ్మ మింద నీళ్ళు నిలబడినకాడి నుంచి ఇట్లనే ఉంది నాకు" అంది. "కిటికీకాడ ఊరందర్నీ అడుగుతావు ఏంది బాధ అని. నన్ను ఎప్పుడన్నా అడిగినావా?"

ఇది చెబుతూ మౌలాలి నా ముందు ఏడ్చాడు. ఇరవై ఆరేళ్ళలో అతను ఏడవడం నేను చూడలేదు. నాకు సిగ్గేసింది. ఏడాదిగా ఆమె చేతిలో గ్యాస్ మాత్రలు పోసింది నేనే.

మంగళవారం పొద్దున అర్చన బల్ల మీద ఆ ఫారం పెట్టాడు. "ఆ మూడు వందల పన్నెండూ నేను రాసిన అబద్ధాలు మేడం. నిజం ఇదొక్కటే. మా ఇంటామెది." నేనూ వెనకే వెళ్ళి, అంతా తెలిసీ నోరు మూసుకున్నానని ఒప్పుకున్నాను.

నందిని మేడం మధ్యాహ్నం బస్సుకే వచ్చి ఇద్దరినీ చెడామడా తిట్టింది, తిట్టాలి కూడా. మెమో ఇప్పించింది. తిట్లయ్యాక మౌలాలిని అడిగింది: "ఫారం లేకుండా నీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

అతను రిజిస్టరు తెరిచి వేలు పెట్టి చూపించాడు. "ఈమె నెలలో మూడుసార్లు వచ్చింది, మూడు బాధలు చెప్పింది. ఈయప్ప చీటీ అందరికంటే ముందు తీసుకుంటాడు, అందరూ పోయినాక పోతాడు. ఈ పిల్ల అక్కర్లేదన్నా సూది ఎయ్యమంటాది." అట్లా నలభై పేర్లు చెప్పాడు. మేడం బల్ల మీద కూర్చుని అన్నీ రాసుకుంది. అర్చన సింహాద్రిపురం పోవడం ఆగింది. వరసలో ఫారం అడగడం మానిపించి, లోపల బీపీ పట్టీ కట్టేటప్పుడు ఒంటరిగా అడగమన్నారు. కొత్తగా వచ్చే పిల్లలు మొదటి రెండు వారాలు మౌలాలి పక్కన స్టూలు మీద కూర్చుని వినాలని కూడా రాసిపెట్టారు. మెమో తిన్న మనిషే పంతులయ్యాడు.

గురువారం రహమత్‌బీ వచ్చింది. పక్క తలుపు నుంచి రమ్మని మొగుడు సైగ చేసినా రాకుండా వరసలోనే నిలబడింది. ఆమె వంతు వచ్చింది.

"పేరు?" అన్నాడు మౌలాలి.

"రహమత్‌బీ."

"ఏంది బాధ?"

ఆమె కిటికీ ఊచ పట్టుకుంది. "మా ఊరు" అంది.

మౌలాలి చీటీలో 'మా ఊరు' అని రాశాడు.

లోపల ముప్పావుగంట పట్టింది. వరస గొణుక్కుంది. తలుపు తెరుచుకునేసరికి ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నా కిటికీ ముందు ఆగలేదు, ఆగినా ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. వెనక అర్చన గడపలో నిలబడి ఏదో అనబోయి నాలుక కరుచుకుంది, మౌలాలి వైపు చూసింది.

అతను పెన్ను కింద పెట్టి లేచాడు. మొహం ఊచలకు ఆనించాడు.

"రహమతూ, వచ్చే గురువారం మళ్ళా రా" అన్నాడు, అందరికీ వినపడేలా.

బల్ల మీద ఉన్నవాళ్ళంతా తలలెత్తి చూశారు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"వస్తాలే" అంది.