కొబ్బరినూనె పోసిన షాకప్‌లు

మా ట్రక్కు పొడుగు మూరెడు. నాలుగు ముళ్ళ టైర్లు, ఎర్రరంగు తొడుగు, కడుపులో బ్యాటరీ, మా చేతిలో రిమోట్. గుంతల్లో పరుగెత్తి, మట్టిదిబ్బ ఎక్కి గాల్లోకి లేచి, మళ్ళీ నాలుగు చక్రాల మీద దిగడం దాని పని. చూసినవాళ్ళంతా బొమ్మ అనేవారు. బొమ్మ అన్న ప్రతివాడితోనూ నేను వాదన పెట్టుకునేవాణ్ణి. మా అమ్మ మాత్రం దాన్ని మీ ఇద్దరి పిల్ల అనేది.

ఇద్దరంటే నేనూ, మా పై వాటాలో కిరాయికుండే సారూ. ఎల్బీ నగర్ చౌరస్తా వెనక గల్లీలో మా ఇల్లు. మా నాయన పోచంపల్లిలో మగ్గం వదిలేసి వచ్చి కట్టుకున్నది. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో మా చీరల దుకాణం చూసుకునేవాణ్ణి. సారు అక్కడే ఒక కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెప్పేవారు. వాళ్ళది గుంటూరు వైపు. ట్రక్కు ఇద్దరం కలిసి కొన్నాం. నడిపేది నేను, బిగించేది సారు, తప్పు ఎవరిదో తేల్చేది ఇద్దరం.

ఆ ట్రక్కుకి ప్రాణమంతా షాకప్‌లలో ఉంటుంది. షాకప్ అంటే వేలెడు గొట్టం. బయట స్ప్రింగు, లోపల నూనె, నూనెలో చిల్లుల పిస్టన్. ట్రక్కు పైనుంచి దిగినప్పుడు స్ప్రింగు నొక్కుకుంటుంది. అది వెంటనే ఎగిరి తన్నకుండా నూనె పట్టి ఆపుతుంది. నూనె పల్చనైతే ట్రక్కు కప్పలా గెంతుతుంది. చిక్కనైతే చిన్న గుంతకే ఒళ్ళంతా అదిరిపోతుంది. సరిగ్గా కుదిరిందో లేదో చూడ్డానికి మేడ మీద మోకాలెత్తు నుంచి వదిలేవాళ్ళం. ధప్పున పడి, ఒకసారి కుంగి, లేచి, అక్కడే నిలబడిపోవాలి. రెండోసారి ఊగిందంటే మళ్ళీ నాలుగూ విప్పుడే.

తెలంగాణ రాష్ట్రం ఇస్తామని కేంద్రం చెప్పి మళ్ళీ వెనక్కి తగ్గిన ఆ చలికాలంలో మా షాకప్‌ల సీళ్ళు పోయి నూనె కారడం మొదలైంది. సీళ్ళు మా దగ్గర ఉన్నాయి, నూనె లేదు. బెంగళూరులో ఒక దుకాణాయన అమ్మేవాడు. ఆయన పంపిన పార్సిల్ బందుల మధ్య ఎక్కడో కొరియర్ గోదాములో ఇరుక్కుంది. నా దుకాణం షట్టరు సగం రోజులు దించే ఉండేది. సారు కోచింగూ అంతే. పొద్దున నేను ర్యాలీకి పోయి గొంతు పోయేదాకా అరిచి, మధ్యాహ్నానికి వచ్చి మేడ మీద సారు పక్కన కూర్చునేవాణ్ణి. నా గొంతు ఎందుకు బొంగురుపోయిందో సారు అడిగేవారు కాదు. నేనూ చెప్పేవాణ్ణి కాదు. అంతకుముందు మా ఇద్దరి మధ్య లేని మాట లేదు. ఇప్పుడు మాట్లాడేదంతా స్ప్రింగుల గురించే. ఎప్పుడూ లేనంత మర్యాదగా ఉండేవాళ్ళం, అదే నాకు ఒళ్ళు మండేది.

ఇలాంటి ట్రక్కుల రేసు ఇంకో వారంలో ఉందనగా ఒక మధ్యాహ్నం సారు తల ఎత్తకుండానే చెప్పారు.

"గుంటూరులో ఇల్లు చూడమని మా బావకి ఫోన్ చేశానండీ. మా ఆవిడ భయపడుతోంది. ఈ రేసయ్యాక ట్రక్కు మీ దగ్గరే ఉంచేసుకోండి."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో కూడా తెలియని కోపం. మంచిది సార్ అన్నాను. అని, చేతిలో ఉన్న స్క్రూని మర అరిగిపోయేదాకా బిగించాను. ఆ స్క్రూ తీయడానికి సారుకి ఆ సాయంత్రమంతా పట్టింది.

ఆఖరి రేసు కాబట్టి ఎలాగైనా దింపాలని ఇద్దరికీ పట్టుదల వచ్చింది. పార్సిల్ రాలేదు. దుకాణం నుంచి కుట్టుమిషను నూనె తెచ్చి పోశాం. మేడ మీద వదిలితే ట్రక్కు మూడుసార్లు గెంతి పూలకుండీకి కొట్టుకుంది. ఆముదం పోశాం. కుంగింది గానీ లేవడం మర్చిపోయింది. అప్పుడు కొబ్బరినూనె పోశాం. ఆ ఆలోచన నాదని సారు అంటారు. నేను ఒప్పుకోను. నిండు ఎండలో పిస్టన్ నెమ్మదిగా ఆడిస్తూ బుడగలన్నీ పైకి రానిచ్చి, మూత బిగించి వదిలాం. ధప్పున పడింది, కుంగింది, లేచింది, నిలబడింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చాలా రోజుల తర్వాత సారు నా భుజం తట్టారు.

రేసు ఆదివారం పొద్దున, మీర్‌పేట్ అవతల అమ్ముడుపోని ప్లాట్ల వెంచర్‌లో. ఎర్రమట్టి, మేమే తవ్వి పోసిన దిబ్బలు, అటూ ఇటూ సున్నపు గీతలు. మాలాంటి పిచ్చివాళ్ళు ఓ పదిమంది, ఆరు ట్రక్కులు. నోట్లోంచి ఆవిరి వచ్చేంత చలి. సారు భార్య ఉప్మా డబ్బా, ఫ్లాస్కులో చాయ్ ఇచ్చి పంపింది. బోణీకి ఒక రౌండు తిప్పి చూద్దామని ట్రక్కు దింపాను.

మొదటి గుంతకే అది కట్టెలా ఎగిరింది. దిబ్బ మీంచి దూకి ముక్కు మీద పడి పల్టీ కొట్టింది. తెచ్చి చేత్తో నొక్కితే ఏ షాకప్పూ కదల్లేదు. సారు ఒకదాని మూత విప్పారు. లోపల తెల్లగా, గట్టిగా, నెయ్యిలా పేరుకుని ఉంది.

చలికాలం కొబ్బరినూనె గడ్డకడుతుందని తెలియనివాడు ఈ ఊళ్ళో ఉండడు. మా అమ్మ ఆ సీసాని రోజూ పొద్దున పిట్టగోడ మీద ఎండలో పెట్టేది. ఆ సీసా పక్కనే కూర్చుని మేం షాకప్‌లు విప్పేవాళ్ళం. ఇక సారు సంగతి చెప్పక్కర్లేదు, ఏ పదార్థం ఏ వేడికి కరుగుతుందో చెప్పి జీతం తీసుకునే మనిషి.

"ఈ సంగతి మా స్టూడెంట్స్‌కి మాత్రం చెప్పకండి," అన్నారు సారు. నాకు నవ్వు ఆగలేదు. తర్వాత ఆయనకీ ఆగలేదు.

కానీ మా వంతు దగ్గర పడుతోంది. ఎండ ఇంకా ఎక్కలేదు. చాయ్‌లో ముంచితే సీళ్ళు పాడవుతాయి. ఒంటి వేడి చాలు, కరుగుతుంది అన్నారు సారు. నాలుగూ ఊడదీసి, ఆయన రెండు, నేను రెండు, పిడికిళ్ళలో పట్టుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని ఒక ప్లాటు రాయి మీద పక్కపక్కన కూర్చున్నాం. అవతలివాళ్ళు చూసి చలికి ముడుచుకున్నామనుకున్నారు. చేతిలో స్క్రూడ్రైవర్ లేదు, తల వంచి చూసుకోవడానికి స్ప్రింగు లేదు. మాట్లాడుకోవడం తప్ప చేయగలిగిన పని ఏదీ మిగల్లేదు.

సారే మొదలుపెట్టారు.

"ఒక మాట అడుగుతాను, ఏమనుకోకండి. మొన్న చౌరస్తాలో మిమ్మల్ని చూశాను. అంత గట్టిగా అరుస్తున్నది మమ్మల్ని పొమ్మనేనా?"

అడిగేశారు కదా అని ఒక్క క్షణం హాయిగా అనిపించింది. ఆ వెంటనే తట్టింది, నన్ను ఇన్నేళ్ళుగా చూస్తూ ఆ ప్రశ్న లోపల పెట్టుకుని ఎన్ని మధ్యాహ్నాలు నా పక్కన కూర్చున్నారో.

"మిమ్మల్ని ఎవరు పొమ్మన్నరు సార్," అన్నాను. "మాకు మా రాష్ట్రం గావాలె. మీరు గూడ గావాలె. గీ రెంటికి పంచాయితీ ఏంది? రేపు తెలంగాణ ఒస్తది. ఆ రోజు మేడ మీద మీరు లేకుంటే నేను ఎవరికి చెప్పుకోవాలె?"

సారు నెమ్మదిగా చెప్పుకొచ్చారు. పాల దుకాణం దగ్గర ఎవరో వాళ్ళావిడని ఎప్పుడు పోతున్నరమ్మా అని అడిగారట, నవ్వుతూనే. ఆ నవ్వే ఆవిడకి నిద్ర పట్టనివ్వలేదట. ఆ అడిగిందెవరని నేను ఒంటికాలి మీద లేచాను. చేతులు చంకల్లో ఉన్నాయి కాబట్టి లేచినా చేయగలిగింది ఏమీ లేదు. కూర్చోండి, నూనె చల్లారిపోతుంది అన్నారు సారు. కూర్చుని, మా వాళ్ళ కోపం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాను. మా చెల్లెలు చదువు పూర్తి చేసి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న సంగతి, మా ఊళ్ళో ఆగిపోయిన మగ్గాల సంగతి. సారు అన్నీ ఒప్పుకోలేదు. రెండుచోట్ల గట్టిగానే కాదన్నారు. అలా కాదన్నందుకు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. మర్యాద పోయి మనిషి తిరిగొచ్చాడు.

మా వంతు పిలిచేసరికి పిడికిట్లో పిస్టన్ కదులుతోంది. గబగబా బిగించాం. మొదటి రెండు రౌండ్లు ట్రక్కు ఇంకా మొండికేసింది. నేను దిబ్బల దగ్గర వేగం తగ్గించి, గుంతలు ఉన్నవైపే తోలాను. కదిలేకొద్దీ నూనె వేడెక్కుతుందని సారు పక్కనుంచి చెబుతూనే ఉన్నారు. నాలుగో రౌండులో పెద్ద దిబ్బ మీంచి లేచి, దిగి, ఒకసారి కుంగి, అలాగే ముందుకు సాగిపోయింది. అబ్బ, ఆ దిగడం. ఆఖరికి నాలుగో స్థానం వచ్చింది. ఆరింటిలో నాలుగు అంటే ఎవరూ దండలు వేయరు. మేం మాత్రం ఉప్మా మొత్తం గెలిచినవాళ్ళలా తిన్నాం.

తిరిగి వస్తుంటే చౌరస్తాలో రాస్తారోకో. బస్సులు, షేర్ ఆటోలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. జనం మధ్యలో నా బండి ఆపేశాను. వెనక సీటులో సారు, ఒళ్ళో మట్టికొట్టుకున్న ట్రక్కు. చుట్టూ జై తెలంగాణ నినాదాలు. నా పెదవులు కదిలాయి గానీ, వెనక ఆయన ఉన్నారని ఆగాను. ఆగనక్కర్లేదండీ, కానివ్వండి అన్నారు సారు నా చెవి దగ్గర. నేను అరిచాను.

ఇంతలో ఆయన ఫోన్ మోగింది. బెంగళూరు దుకాణాయన. పార్సిల్ కొరియర్ గోదాములో దొరికిందని, రెండు రోజుల్లో వస్తుందని చెబుతున్నాడు. ఆ గోలలో వినబడక సారు ఒక చెవి మూసుకుని, నినాదాలకి మించిన గొంతుతో మాట్లాడుతున్నారు. మా ముందున్న ఇద్దరు కుర్రాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

"ఆ పలుచ నూనె రానివ్వండి," అని అరిచారు సారు. "దానితోపాటు ఇంకోటి కూడా పంపండి, చిక్కది. ఎండలు ముదిరితే ఇక్కడ పలుచది నిలవదు. అవునండీ, ఎండాకాలానికే. అడ్రసా? మారలేదండీ, అదే. ఎల్బీ నగర్."

దారి ఇచ్చేదాకా నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏదో ఒక వెటకారం ఆడి, ఆ మాటని పాడుచేసేవాణ్ణి.