మా బావగారు చెప్పిన బ్రహ్మం

మా ఆయన అన్నగారు, నాకు బావగారు, ఎమ్మిగనూరులో మేడమీది గదిలో తెల్లగోడకు ప్రొజెక్టర్ పెట్టి ఆదివారాలు అంతరిక్షం సినిమాలు వేసేవారు. చూడ్డానికి పిలిచేవారే గానీ చూడనిచ్చేవారు కాదు. మధ్యమధ్య ఆపి అర్థం చెప్పేవారు. ఎవరికీ అర్థంకాని సినిమా దొరికితే ఆయనకు పండగే. అర్థం కాలేదు కాబట్టి ఆయన చెప్పింది తప్పని ఎవరూ అనలేరు.

అలాంటిదే ఒకటి వేశారు. అంతరిక్ష నౌకలో ఒకామె ఒంటరిగా మిగిలిపోతుంది. చుట్టూ శూన్యం. ఒకరోజు బయటినుంచి ఎవరో తలుపు కొడతారు. ఆమె గడియ మీద చెయ్యి వేస్తుంది. తెర నల్లబడుతుంది. అంతే.

బావగారు లైటు వేశారు. "ఆ చీకటేందో తెలుసునా మీకు? బ్రహ్మం! తలుపంటే మాయ. అందుకే డైరెక్టరు తలుపు తీయల్యా."

గదిలో అందరూ ఆహా అన్నారు. పక్కింటి బట్టలకొట్టాయన చెంపలు వేసుకున్నంత పని చేశాడు.

"మరి తలుపు కొట్టిందెవరు బావా?" అన్నాను.

"ఆ మాట అడిగినావంటే నీకు సినిమా ఎక్కల్యా అని. కింద వంటింట్లో ఉగ్గాని అయిందేమో సూడు పోమ్మా."

ఆ వ్యాఖ్యానాన్ని ఎవరో వీడియో తీశారు. అది ఫోన్లలో తిరిగి తిరిగి మా ఆదోనిలో ఒక కాలేజీకి చేరింది. సినిమా వేస్తాం, తర్వాత మీరు మాట్లాడండి అని వాళ్లు బావగారిని పిలిచారు. నేనూ వెళ్లాను. ఆయన శాలువా సర్దుకుని ముందు వరసలో కూర్చున్నారు.

తెరమీద ఆమె గడియ మీద చెయ్యి వేసింది. తెర నల్లబడింది. బావగారు లేచి మైకు కోసం చెయ్యి చాచారు.

తెర మళ్లీ వెలిగింది.

తలుపు తెరుచుకుంది. బయట వాన. ఆ వానలో తడుస్తూ ఆమే నిలబడి ఉంది, ముసలిదై. ఇద్దరూ చాలాసేపు ఒకరినొకరు చూసుకున్నారు. "దాహంగా ఉంది" అంది ముసలామె. లోపలి ఆమె నీళ్ల కోసం వెనక్కి తిరిగింది. సినిమా నిజంగా అక్కడ అయిపోయింది.

బావగారి దగ్గరున్న కాపీ చివర్లో తెగినది. ఇన్నాళ్లూ ఆయన బ్రహ్మమన్నది డౌన్‌లోడు ఆగిపోయిన చోటుని.

నాకు ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడకపోతే బాగుండుననిపించింది. బావగారు తడుముకోనైనా లేదు.

"సూసినారా! డైరెక్టరు తీసింది ఆ చీకటి కాడికే. ఈ ముసలామెను నిర్మాతలు తర్వాత అతికించినారు, మామూలు జనం కోసరం."

మామూలు జనంలో చేరడం ఎవరికిష్టం? హాలంతా చప్పట్లు. కళ్లతో చూసినదాన్ని కాదనుకోవడానికి లెక్చరర్లకు క్షణం పట్టలేదు. ఒకాయన ఆ వాన అనవసరమని కూడా అన్నాడు.

భోజనానికి మా ఇంటికి వచ్చినప్పుడు బావగారు అడిగారు, "ఎట్ల సెప్పినానమ్మా?"

"మీ కాపీ తెగిపోయింది బావా."

"తెగల్యా. సరైన తావున నిల్చింది" అని పెరుగు కలుపుకున్నారు. అన్నగారి మాటకు మా ఆయన తలూపారు.

నేను మళ్లీ ఆదివారాలు ఎమ్మిగనూరు పోలేదు. ఆ సినిమాను ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని చూశాను. శూన్యంలోకి వాన ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోతాను.