కుట్టు విప్పి చూసే రషీదా

రెండేళ్ల కిందట ఒకరోజు మైపాడు పోయే రోడ్డులో ట్రాలీ ఆటోకు అడ్డంగా నిలబడింది రషీదా. ఆటోలో ఎనిమిది పరుపులు, వాటి పక్కన ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాలో క్రాంతి కుమార్. సముద్రం ఒడ్డున కొత్తగా లాడ్జి పెడుతున్నాడు. నెల్లూరులో ఏదో హాస్టలు మూసేస్తుంటే చవగ్గా దొరికాయట. లోపలి పాత దూది అలాగే ఉంచి, పైన పూలగుడ్డ తొడిగి ఇమ్మంటాడు. పరుపులు కుట్టి బతికే మనిషికి ఒకేసారి ఎనిమిది రావడమంటే మాటలా! ఎదురింటి అరుగు మీద కూర్చున్న ఎస్తేరమ్మ, ఇంకేముంది, ఒప్పుకుంటుందిలే అనుకుంది.

రషీదా దబ్బనం తీసి ఒక పరుపు మూల కుట్టు విప్పింది. మడతలో మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు.

"నల్లులున్నాయన్నా. ఆటో తిప్పించు."

"నల్లులా? దుమ్మమ్మా అది. పెద్ద పెద్ద చదువులు చదివే పిల్లోళ్లు పడుకున్న పరుపులివి."

"అట్లయితే ఈ నల్లులకీ చదువు బాగానే వచ్చుంటుంది."

"కుట్టేదానివి కుట్టు. నీకెందుకు ఈ పెత్తనం?"

"సరే, కుడతా. ఎనిమిదీ ఊరికే కుడతా. ఐదు నిమిషాలు దీని మీద వెల్లకిలా పడుకోని లెయ్ అన్నా, చాలు."

టీ అంగడి దగ్గర జనం గ్లాసులు పట్టుకునే ఇటు తిరిగారు. క్రాంతి కుమార్ పరుపును చూశాడు, తన చొక్కాను చూసుకున్నాడు. "నాకు వేరే పనుంది" అని గొణిగి, పరుపులకు తగలకుండా పోయి డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. ఎస్తేరమ్మ నోట్లో వక్క బయటపడేలా నవ్వింది.

రషీదా మొగుడు చోటే సాహెబ్ దూది ఏకుతాడు, ఆమె కుడుతుంది. ముప్పై ఏళ్లుగా ఇదే పని. పాత పరుపు ఏదొచ్చినా ఆమె చూడకుండా గడప దాటదు. వాకిట్లో తెల్లదుప్పటి పరిచి, దాని మీదే విప్పుతుంది. పైగుడ్డ మరిగే నీళ్లలోకి పోతుంది. పురుగు పట్టిన దూది మంటలోకి పోతుంది, ఎంత బతిమాలినా తిరిగి ఇవ్వదు. ఊరి నుంచి ఎవరొచ్చినా సంచి వాకిట్లో కొక్కేనికే. కొత్తల్లుడు మొదటిసారి నాయుడుపేట నుంచి వస్తే, మంచినీళ్లు ఇవ్వకముందే అతని సూట్‌కేసు జిప్పు పొడుగునా వేలు పెట్టి చూసింది. అతను మూతి ముడుచుకున్నాడు. ముడుచుకోనీ.

ఈ ఊరి జనానికి ఆ మాత్రం బుద్ధి ఎక్కడిది? వీపంతా దద్దుర్లు తేలినా "దోమలు" అంటారు. నల్లి అని నోటితో అంటే పరువు పోతుందట, నల్లి కుడితే మాత్రం పోదట. కిరసనాయిలు చల్లి ఇల్లంతా కంపు చేసుకుంటారు గాని మంచం చీలికలో దీపం పెట్టి చూసేవాడు ఒక్కడుండడు. ఇంకా ఘనులైతే పురుగుల పరుపును రోడ్డు పక్కన పారేసి చేతులు దులుపుకుంటారు. ఊరికే దొరికిందని ఇంకో ఘనుడు దాన్ని నెత్తిన పెట్టుకుని ఇంటికి మోసుకుపోతాడు. చర్చి పెద్ద అబ్రహాము ఇంట్లో రెండేళ్లుగా ఏసీ గదిలో కూడా దోమలే. ఆదివారం ప్రార్థనలో ఒక చెయ్యి పైకెత్తుతాడు, రెండో చెయ్యి నడుము గోక్కుంటూ ఉంటుంది.

పోయిన నెల ఆ అబ్రహాము పరుపే రషీదా వాకిట్లోకి వచ్చింది. చోటే సాహెబ్ దూది కొనడానికి నెల్లూరు పోయి ఉన్నాడు. రషీదా కుట్టు విప్పి, వేళ్లతో తడిమి, "బాగానే ఉంది, లోపల పెడతా" అంది. వక్క కోసం వచ్చిన ఎస్తేరమ్మ చూస్తూనే ఉంది. కుట్టు మడతలో నుంచి ఎర్రటిదొకటి తీరిగ్గా నడిచి వస్తోంది.

"ఏమే, కండ్లు యాడ పెట్టుకున్నావు? ఇదేంది?"

రషీదా వంగింది. ముక్కు గుడ్డకు తగిలేదాకా వంగింది. అయినా ఆమెకు కనపడలేదు. ఎస్తేరమ్మ గోటితో నొక్కింది. ఆ పాడు వాసన వచ్చాకే రషీదా మొహం పాలిపోయింది.

"సంవత్సరమైందక్కా. అంతా మంచు పట్టినట్టుంది. శుక్లాలంట, ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఇదే లోపల పడుంటే ఎన్ని ఇండ్లకు పొయ్యేదో! రషీదా ఇంటి నుంచే నల్లి వచ్చిందని ఒక్కరన్నా చాలు, ఇంక ఎవరిస్తారు నాకు పరుపు?"

"మరి చేయించుకోవే మొద్దు!"

"ఆ ఆస్పత్రి మంచం మీద ఎవరెవరు పడుకోని పోయుంటారో. నాకా కనపడదు. సంచిలో ఒక్కటి వెంట వచ్చినా నా ఇల్లు ఏం గాను?"

"ఊరందరి పరుపులూ చీల్చి చూసినదానివి, ఒక్క మంచానికి భయపడి గుడ్డిదానివైపోతావా? సిగ్గులేదూ!"

రషీదా దబ్బనాన్ని కొంగుతో తుడిచి ఎస్తేరమ్మ చేతిలో పెట్టింది.

"సోమవారం నాతో నెల్లూరికి రా అక్కా. వాళ్లు నన్ను పడుకోబెట్టే ముందు పరుపు నాలుగు మూలలూ తిప్పి చూడు. ఉంటే ఉందని చెప్పు. దోమలని మాత్రం చెప్పబాక."