మా ఇంటి ఇరాన్ ముడి

మా తాత పోయి ఇన్నేళ్ళయినా ఆయన మీద నా కోపం చల్లారలేదు. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదని చాలామంది చెప్పారు. వాళ్ళెవరూ మా తాతతో ఒక ఇంట్లో బతికినవాళ్ళు కాదు.

పందొమ్మిది వందల ముప్పైల నాటి సంగతి. ఏలూరులో తివాచీలు నేసే ముస్లిం ఇళ్ళలో మాదొకటి. గొర్రె ఉన్ని తెచ్చి, తమ్మిలేరులో ఉతికి, రంగులద్ది, మగ్గమెక్కించేవాళ్ళం. ఇంట్లో మాట్లాడుకునేది చాలావరకు తెలుగే. అయినా గుమ్మంలోకి ఎవరొచ్చినా మా తాత ముందుగా చెప్పే మాట, మా వంశం ఇరాన్ నుంచి దిగిందని. ఆయన తండ్రి, అంటే మా ముత్తాత, మగ్గం సామాను గుర్రాల మీద వేసుకుని వచ్చాడట. మా తాత తన జన్మలో బెజవాడ దాటి ఎరగడు. ఇరాన్ ఎటుందని అడిగితే, నమాజుకు ఎటు తిరుగుతాడో అటే చెయ్యి చూపించేవాడు.

ఈ గొప్పకంతటికీ ఆయన చూపించే సాక్ష్యం ఒక్కటే, ఒక ముడి. నేత పూర్తయ్యాక తివాచీ అంచున మిగిలే పడుగు దారాలను కుచ్చులుగా ముడివేస్తారు. మిగతా ఇళ్ళలో మామూలు ముళ్ళు వేసేవాళ్ళు. మా ఇంట్లో మాత్రం దారాన్ని చిటికెనవేలి చుట్టూ తిప్పి, మెలికలోంచి వెనక్కి లాగి బిగించేవాళ్ళం. ఎంత గుంజినా జారదు. అది ముత్తాత నేర్పిన ఇరాన్ ముడి. కూతుళ్ళకు నేర్పితే అత్తారిళ్ళకు పట్టుకుపోతారని, కొడుకులకూ కోడళ్ళకూ తప్ప నేర్పకూడదని తాత కట్టడి చేశాడు.

ఏటా వానలకు ముందు కొల్లేటి లంక నుంచి ఒక ముసలమ్మ వచ్చేది. నడుము పూర్తిగా వంగిపోయిన మనిషి. తాటాకు బుట్ట నిండా ఎండుచేపలు తెచ్చి గడప బయట పెట్టేది. అమ్మడానికి కాదు, ఊరికే ఇవ్వడానికి. ప్రతి ఏడూ మా తాతను అడిగేది ఒకటే మాట.

"మా అన్నని ఎక్కడ మట్టిలో పెట్టారో ఒక్కసారి చూపించండి బాబుగారూ. చూసుకుని ఎల్లిపోతానండీ."

నీ అన్నెవరో మాకు తెలియదు, ఇల్లు తప్పి వచ్చావు పొమ్మనేవాడు తాత. ఆమె వెళ్ళాక, మతి లేని మనిషని మాకు చెప్పేవాడు. ఒక ఏడు నేనే లేచి ఆమె ముఖం మీద తలుపు వేశాను. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు, తెలియని వయసని చెప్పుకోవడానికి లేదు. తలుపైతే వేశాను గాని, ఆమె పోయాక బుట్ట మాత్రం లోపలికి తెచ్చాను. ఆ చేపలు ఇంటిల్లిపాదీ కూర్చుని తిన్నాం. ఇది తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఆ మరుసటి ఏడు నాకు తాలూకా ఆఫీసు రికార్డు రూములో నకళ్ళు రాసే ఉద్యోగం దొరికింది. పాత కాగితాలు చివికిపోతుంటే వాటిని కొత్త కాగితం మీద ఎక్కించాలి. ఒక కట్టలో తమ్మిలేరు రేవులో ఉన్ని ఎవరు ఉతుక్కోవాలన్న తగాదా తాలూకు వాంగ్మూలాలు ఉన్నాయి. వాటిలో ఒకటి మా ముత్తాతది. తాను పుట్టింది కొల్లేటి లంకలో, చేపలు పట్టేవాళ్ళ ఇంట్లోనని చెప్పుకున్నాడు. వయసులో ఏలూరు వచ్చి ఉన్ని ఉతికే కూలిగా చేరాడు. మగ్గం నేర్చుకున్నాడు. నేత మేస్త్రీ కూతుర్ని పెళ్ళాడి వాళ్ళ మతంలో కలిశాడు. కొత్త పేరు పక్కనే పాత పేరూ రాయించాడు. దేనికీ సిగ్గుపడలేదు. సంతకం రాదు కాబట్టి నిశాని గీశాడు. అడ్డంగా నాలుగు గీతలు, నిలువుగా నాలుగు గీతలు. అది వల.

ఆ కాగితం మళ్ళీ మొదటి నుంచి చదివాను. గుర్రాలూ ఇరానూ అన్నీ మా తాత అల్లినవే.

కాగితం ఒక్కటీ చాలదని, ఆదివారం రైలెక్కి తాడేపల్లిగూడెంలో ఉన్న మా మేనత్త దగ్గరికి వెళ్ళాను. తాతకు పెద్ద కూతురు ఆవిడ. ముత్తాత పోయేనాటికి పదేళ్ళ పిల్ల. మొదట నీళ్ళు నమిలింది. వాంగ్మూలం సంగతి చెప్పాక వీధి తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చుంది.

"చెప్పనని నాతో ఒట్టేయించుకున్నార్రా మీ తాత. ఆఖరి మూడు రోజులూ ముసలాయన ఒకటే మాట. చెల్లి వచ్చిందా, చెల్లి వచ్చిందా అని. దోనె కట్టించి కబురు పంపితే ఒక్క పూటలో వచ్చేది. మీ తాత పంపలేదు."

ముసలమ్మ మతి లేని మనిషి కాదు, మా తాతకు సొంత మేనత్త. సొంత మేనల్లుడిని బాబుగారూ అని పిలుస్తూ, ఏళ్ళ తరబడి గడప బయట నిలబడింది.

మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి, బండి మీద కొల్లేటి ఒడ్డుకూ, అక్కడి నుంచి తాటిదోనె మీద లంకకూ వెళ్ళాను. గుడిసె ముందు ఆమె చిరిగిన వల బాగుచేస్తూ కూర్చుని ఉంది. దారాన్ని చిటికెనవేలి చుట్టూ తిప్పి, మెలికలోంచి వెనక్కి లాగి బిగించింది. మళ్ళీ తిప్పి, మళ్ళీ బిగించింది. నేను ఆ వేళ్ళనే చూస్తూ నిలబడ్డాను. కట్టడి చేసి మా ఇంట్లో దాచుకున్న ఇరాన్ ముడి ఆ లంకలో ప్రతి గుడిసె ముందూ పడుతోంది.

ఆమె తలెత్తి నన్ను గుర్తుపట్టింది.

"తలుపేసిన బాబుగారు కదండీ. ఎండన పడొచ్చారు, అన్నం తింటారా?"

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉండి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

ఆ వారంలోనే ఆమెను ఏలూరు తీసుకొచ్చి మా తాత ఎదుట కూర్చోబెట్టాను. వాంగ్మూలం నకలు చదివాను. ముడి సంగతి చెప్పాను. తాత కాదనలేదు, ఔననలేదు. గోడకేసి చూస్తూ, తమ్మిలేరు వరదలో పాత గోరీలన్నీ కొట్టుకుపోయాయని, ఎక్కడని చూపించనని అన్నాడు. ముసలమ్మ నమ్మింది. నేనూ నమ్మాను. ఆడవాళ్ళు శ్మశానంలోకి రాకూడదు కాబట్టి ఆమెను మోకాలెత్తు ప్రహరీ దగ్గర నిలబెట్టాను. ఎటు తిరిగి దణ్ణం పెట్టాలో తెలియక ఈ మూల నుంచి ఆ మూల దాకా దణ్ణం పెట్టుకుంటూ నడిచింది. తిరిగి దోనె ఎక్కింది. వచ్చే వానలదాకా ఉండలేదు, ఎండాకాలంలోనే పోయింది.

ఆ ఏడే మా తాత మంచం పట్టాడు. ఒక రోజు బండి కట్టించుకుని శ్మశానానికి తీసుకెళ్ళమన్నాడు. భుజం పట్టుకుని నడిపించింది నేనే. ఎవరినీ అడగకుండా, వెతకకుండా, తిన్నగా ప్రహరీ పక్కనున్న ఒక మట్టిదిబ్బ దగ్గర ఆగి చేతికర్రతో తట్టాడు.

"ఇదే మా నాన్న. పక్కన నాకు చోటు ఉంచండి."

ముసలమ్మ నిలబడిన చోటికి అది పది అడుగులు లేదు. గోడ మీంచి చెయ్యి చూపిస్తే కనిపించేది. వరదలో పోయిందన్నారు కదా తాతగారూ అని అడిగాను. ఆమెకు చూపిస్తే లంకంతా మన గుమ్మంలోకి వస్తుందన్నాడు. పశ్చాత్తాపం మాట అటుంచి, గొంతైనా తగ్గించలేదు. ఆయన భుజం వదిలేసి వచ్చెయ్యాలనిపించింది. వదల్లేదు. అందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

నెల తిరక్కుండా ఆయన్ను అక్కడే పెట్టారు. తలా మూడు గుప్పెళ్ళ మట్టి వేయడం మా ఆచారం. నా వంతు వచ్చింది. నేను ఒక్క గుప్పెడూ వేయలేదు. పక్కకు తిరిగి ముత్తాత దిబ్బ మీది మట్టి మూడు గుప్పెళ్ళు తీసి రుమాలులో పోసి ముడివేశాను. మా నాన్న గుడ్లురిమాడు. ఊరంతా చూసింది. చూడనీ అనుకున్నాను.

మర్నాడు ఆ మూట పట్టుకుని లంకకు వెళ్ళాను. ముసలమ్మ కొడుకు నన్ను ఆమెను పెట్టిన చోటుకు తీసుకెళ్ళాడు. మూట విప్పబోతే ముడి రాలేదు. అలవాటు కొద్దీ మా ఇంటి ముడే వేసినట్టున్నాను. తివాచీకి వేసిన ముడి విప్పే పని మాకెన్నడూ పడలేదు. అతను నా చేతిలోంచి మూట తీసుకుని ఒక్క లాగుతో విప్పేశాడు.