బేచిరాగ్ ఉమాపతి

ఉమాపతి గారికి ఉన్న జబ్బు ఒకటే. పొద్దు గూకాక దీపం లేని ఇల్లు కంటబడితే ఆయన ఊరుకోలేరు.

పాలమూరు జిల్లాలో ఊరూరా తిరిగి పొలాలనూ జనాన్నీ తనిఖీ చేసిన గిర్దావరు ఆయన. ఉద్యోగం అయిపోయి తార్నాకలో ఇల్లు కట్టుకున్నా జిల్లా మాత్రం ఆయన్ని వదల్లేదు. మనుషులు లేని ఊరిని పాత సర్కారు కాగితాల్లో 'బేచిరాగ్' అనేవారు, అంటే దీపం లేనిది. ఆ మాట ఒకసారి పడిందా, ఆ ఊరికి బడి రాదు, బావి రాదు, ఆఖరికి దొంగ కూడా రాడు.

అందుకని మునిమాపు వేళ కందిలి పట్టుకుని తార్నాక వీధుల్ని తనిఖీ చేసేవారు.

"ఏం కమలాదేవమ్మా, బేచిరాగేనా?"

"ఫ్యూజు పోయిందండీ. మేం బతికే ఉన్నాం."

"ఎంతమంది?"

"నలుగురం. నిన్న చెప్పాను కదండీ."

"నిన్నటి జనాభా నిన్ననే. జరిమానా తీయుండ్రి."

జరిమానా అంటే గిన్నెడు గ్యాసునూనె, అదే కిరసనాయిలు. ఆయనతో వాదించడం కన్నా నూనె పోయడమే సుఖమని వీధి మొత్తానికి తెలుసు. ఒకసారి కొత్త దంపతులు పెందలాడే దీపం ఆర్పితే, కిటికీ పక్కన నిలబడి లోపల జనాభా సంగతి తేల్చమన్నారు. పెళ్ళికొడుకు గొంతు విప్పి తేల్చి చెప్పాక గానీ కదల్లేదు.

ఆయన ఇంట్లో అద్దెకిచ్చిన బయటి గది రంగనాథ్‌ది. కడప నుంచి వచ్చి అడిక్‌మెట్‌లో ఒక అచ్చాపీసులో ప్రూఫులు దిద్దేవాడు. యూనివర్సిటీ తనను లోపలికి రానివ్వలేదు గనక, ఆ లోపలివాళ్ళ పుస్తకాల్లో తప్పులు పట్టి కసి తీర్చుకునేవాడు. ముసలాయన పిచ్చి అతనికి ఉచితంగా దొరికిన వినోదం.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిది వానాకాలంలో ఒక సాయంత్రం, ఉమాపతి గారు వీధి చివర వెనక్కి తిరగలేదు. నూనె డబ్బా ఒక చేత, కందిలి ఒక చేత పట్టుకుని యూనివర్సిటీ ఆవరణలోకి నడిచారు. రంగనాథ్ వెంటబడ్డాడు. రాతి భవనాలు దాటాక బండలు, బండల వెనక కొత్త హాస్టలు కట్టే పాలమూరు కూలీల గుడిసెలు. కుక్క మొరగలేదు. పొయ్యి వాసన లేదు. తడికలు మాత్రం గాలికి మెల్లగా తెరుచుకుని మూసుకుంటున్నాయి.

ఉమాపతి గారు మొదటి గుడిసె ముందు ఆగారు.

"బిక్షం, తిన్నవా?"

లోపల చీకటి. ఆయన కాసేపు విని, తలూపి, లోపలికి వంగి వెళ్ళారు. బయటికి వచ్చేసరికి గుడిసెలో దీపం వెలుగుతోంది.

"గౌరమ్మా, పిల్లకు జరం తగ్గిందా? మంచిది. చలిగాలి తగలనీకు."

ఒక్కొక్క గుడిసె కన్ను తెరుస్తోంది. ఒక్క మనిషి అలికిడి లేదు. రంగనాథ్ ఒక బండ చాటుకు జరిగాడు.

"దాక్కున్నోళ్ళు జనాభా కింద రారు బిడ్డా. ముందుకు రా."

"ఎవరితో మాట్లాడతాండారు సార్?"

"ఎవ్వరు లేరు. గదే కదా తిప్పలు. విత్తనాలేయనీకి అందరు ఊళ్ళకు పోయిండ్రు. గుడిసెలు ఖాళీ, పీకేసి సిమెంటు షెడ్డు ఏస్తనంటడు కాంట్రాక్టరు. రేపు ఓవర్సీరు వస్తడు. ఖాళీ అని రాసిండంటే, వచ్చినోళ్ళకు తడిక గూడ మిగలది."

"మరి ఖాళీ ఇంటితో మాటలెందుకు?"

"మనిషి గొంతు మరిచిన ఇల్లు నిలవది."

రంగనాథ్ నూనె డబ్బా వైపు చూశాడు. తార్నాక కట్టిన జరిమానాలన్నీ ఇక్కడ వెలుగుతున్నాయి. నవ్వడానికి తెరిచిన నోరు అతను మూసుకున్నాడు.

"దీపాలు సరే. జనమే తక్కువబడ్డరు," అన్నారు ఉమాపతి గారు. "నీకు దగ్గొస్తదా?"

మర్నాడు మునిమాపున ఓవర్సీరు వెంకటసుబ్బారావు వచ్చాడు. అందరూ పనికి పోయే పగటిపూట చూస్తే కూలీల ఊరన్నది ఏదైనా బేచిరాగేనని చెప్పి, ఉమాపతి గారే ఆ వేళకు రప్పించారు. వాళ్ళిద్దరూ ముందు నడుస్తుంటే రంగనాథ్ వెనకనుంచి గుడిసెల్లో దూరాడు. మొదటిదాంట్లో దగ్గాడు. రెండోదాంట్లో ముసలి మూలుగు మూలిగాడు. మూడోదాంట్లో గొంతు సన్నం చేసి, "గమ్మునుండు నాయనా, గమ్మునుండు," అని లేని పిల్లను జోకొట్టాడు.

"ఇదేంటండీ, కడప యాస?"

"కోడలు ఆ దిక్కుది," అన్నారు ఉమాపతి గారు.

నాలుగోదానికి పోబోతూ రంగనాథ్ ముళ్ళకంపలో చిక్కుకున్నాడు. చివరి గుడిసెకు నూనె కూడా చాల్లేదు. ఓవర్సీరు ఆ చీకట్లోకి తొంగి చూశాడు.

"ఇది మాత్రం ఖాళీయేనండీ?"

ఉమాపతి గారు కందిలి వెనక్కి తీసుకుని గడపకు అడ్డం వచ్చారు. అంతలో లోపలనుంచి దగ్గు వచ్చింది. లోతైన, తడి దగ్గు. చాలాసేపు దగ్గి, కాండ్రించి, ఆగింది. చుట్ట వాసన గుప్పుమంది.

ఓవర్సీరు గబగబా వెనక్కి నడిచాడు. "జనం ఉన్నారనే రాస్తానండీ. షెడ్డు వేరేచోట కట్టుకుంటారు. ఆ పెద్దాయన్ని మాత్రం డాక్టరుకి చూపించండి."

అతను పోయాక ఉమాపతి గారు కంప దగ్గరికి వచ్చారు. "ఆఖరుది మస్తుగ దగ్గినవు."

"నేను ఈ ముళ్ళలోనే ఉండా సార్."

ఇద్దరూ ఆ గుడిసె వైపు చూశారు. "తిన్నవా?" అని అడిగారు ఉమాపతి గారు, అలవాటు కొద్దీ. ఈసారి జవాబు కోసం ఆగకుండా రంగనాథ్ చొక్కా కంపలోంచి ఒక్క లాగుతో పీకి, ఇంటిదారి పట్టారు.

విత్తనాలు వేసి కూలీలు తిరిగొచ్చారు. వచ్చినవాళ్ళు మూటలు దించలేదు.

"సారు, గోడలకు కొత్త మసి ఉన్నది," అన్నాడు బిక్షం. "మేం లేనప్పుడు ఎవరో కాపురం ఉన్నరు. ఆడోళ్ళు లోపలికి పోము అంటున్నరు."

"ఆఖరు గుడిసె ఎవరిది?"

"మల్లన్న తాతది. మొన్న ఎండకాలంల పోయిండు. దమ్ము రోగంల దగ్గి దగ్గి పాణం ఇడిసిండు."

ఉమాపతి గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "అయితే దిగులు లేదు. మీ తాతనే మీ గుడిసెలు నిలబెట్టిండు. ఓవర్సీరే సాక్షి."

మూటలు దిగాయి. ఆ సాయంత్రం గౌరమ్మ చివరి గడప మీద ఆకు పరిచి, జొన్నరొట్టెలూ కోడికూరా పెట్టి దండం పెట్టుకుని వెళ్ళింది. రంగనాథ్ ఆకు వైపు చూసి గుటకేశాడు.

"తిను బిడ్డా. కష్టపడ్డ జనాభావు," అన్నారు ఉమాపతి గారు.

అతను చెయ్యి చాపాడు. ఆయన మణికట్టు పట్టుకున్నారు.

"సగం ఉంచు. దగ్గినోళ్ళు ఇద్దరు."