గడ్డను దాచిన సూది

నొప్పి లేకపోతే జబ్బు లేనట్టేనని మీకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పి ఉండరు. మీ అంతట మీరే అనుకుని ఉంటారు. నేనూ అలాగే అనుకున్నాను. మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా ఊరూరా తిరిగి మాట్లాడినవాణ్ని, ఒక ఎనిమిదేళ్ల పిల్ల మెడ మీద గడ్డను వేలితో నొక్కి, నొప్పిగా ఉందా అని మాత్రమే అడిగాను. ఎన్నాళ్ల నుంచి ఉందని అడగలేదు.

2011 వానాకాలంలో నేను తొండుపల్లిలో ఒక ఇంట్లో కిరాయికి ఉండేవాణ్ని. శంషాబాద్ బడిలో సైన్సు చెప్పేవాణ్ని. ఇంటివాళ్ల భూమి విమానాశ్రయం కిందకి పోయింది. ఆ విమానాశ్రయంలోనే కొడుకు సామాన్ల బండి నడిపేవాడు, కోడలు నేలలు తుడిచేది. వాళ్ల ఒక్కగానొక్క కూతురు నానమ్మ దగ్గర పెరిగేది. ఆ నానమ్మకు ఊళ్లో ఒక పేరుంది. ఎవరికి ఎక్కడ వాపొచ్చినా ఆమె జీడి పెట్టేది. నల్లజీడి గింజను దీపం మీద కాల్చి, అందులోంచి కారే నూనెను సూదిమొనతో చర్మం మీద చుక్కలుగా అద్దడమే ఆ వైద్యం. అద్దినచోట చర్మం కాలి నల్లబడుతుంది.

ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి పిల్ల మెడ మీద, దవడ కింద, ఐదు నల్లచుక్కలు కనిపించాయి. చుక్కల మధ్య ఉసిరికాయంత గడ్డ.

"నొప్పిగా ఉందా?"

"నొస్తలేదు సార్. రబ్బరు లెక్కుంది, పట్టి చూడు" అంది పిల్ల, అదేదో తనకు దొరికిన ఆటవస్తువైనట్టు.

నాకు ఒళ్లు మండిపోయింది. అరుగు మీద నానమ్మతో పాటు ఇరుగుపొరుగు ఆడవాళ్లు నలుగురున్నారు. వాళ్ల ముందే ఆమెను కడిగేశాను. పసిదాని మెడ కాల్చడానికి చేతులెలా వచ్చాయన్నాను. సొంత మనవరాలి మీద ఇంత ఆటవికం ఏమిటన్నాను. కాల్చిన గింజలో ఏముంటుంది, డాక్టరు దగ్గర సూది వేయించాలి గానీ అన్నాను. ఆమె తొణకలేదు.

"గింజల ఏముంటది అంటవ్. మరి నీ దేవుడు యాడుంటడు సారూ, సూదిలనా?"

ఆడవాళ్లు నవ్వారు. ఆ నవ్వు నాకు గట్టిగా గుచ్చుకుంది. ఆ సాయంత్రమే తండ్రిని ఒప్పించి, పిల్లను స్కూటరు మీద సాతంరాయి తీసుకెళ్లాను. హైవే పక్కన పచ్చ పరదా కట్టిన గదిలో, డాక్టరు చదువు చదవకుండానే మందులిచ్చే ఒక ఆరెంపీ ఉండేవాడు. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఆయనే డాక్టరు. మోకాళ్ల నొప్పి, ఆయాసం, దురద, ఏదైనా ఆయన దగ్గర పొద్దుగూకేలోపు తగ్గేది. పిల్ల మెడ చూసి, "జీడి కాలి చీము పట్టింది, దానికే బిళ్ల కట్టింది" అన్నాడు. ఒక సూది వేశాడు, చిన్న తెల్లమాత్రలు పది రోజులకిచ్చాడు. సూదిలో ఏముందని నేను అడగలేదు. సూది కాబట్టి సైన్సే అనుకున్నాను.

వారం తిరక్కుండా గడ్డ సగానికి సగం కరిగింది. ఆ ఆదివారం శంషాబాద్‌లో మా మిత్రుల చర్చాసభలో ఆ పిల్ల మెడనే ఉదాహరణగా చెప్పాను. జీడిగింజ ఓడింది, వైద్యం గెలిచిందన్నాను. చప్పట్లు కొట్టారు. ఇంటికొస్తే నానమ్మ అరుగు మీద వేరే సభ నడుపుతోంది.

"సూసిన్రా, జీడి వట్టింది. జర ఆలిశమైతది గని వడుతది."

"అది సూది మందు, అవ్వా."

"సూది నిన్నగాక మొన్న ఏపిచ్చినవ్. నా జీడి అంతకు ముందే వెట్టిన. ముందొచ్చినోల్లు ఎవరు?"

పిల్ల మెడ మీద మేమిద్దరం పందెం కాసుకున్నట్టు వాదించుకున్నాం. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది. ఎందుకంటే మాత్రలు అయిపోయిన మూడు వారాలకు గడ్డ మళ్లీ లేచింది. ఈసారి మెడ కింది ఎముక మీద, భుజానికి దగ్గర్లో, ఇంకొకటి తోడైంది. సాయంత్రమయ్యేసరికి జ్వరం. పొద్దున లేస్తే పిల్ల గౌను చెమటకు తడిసి పిండేలా ఉండేది. బువ్వ ముందు కూర్చుని మెతుకులు కెలికేది. మళ్లీ సాతంరాయి తీసుకెళ్లాను. మళ్లీ సూది, మళ్లీ తెల్లమాత్రలు, మళ్లీ కరిగింది. మళ్లీ లేచింది. మూడోసారి కూడా తీసుకెళ్లినవాణ్ని నేనే. ఒకే తప్పు మూడుసార్లు చేయడానికి మూర్ఖుడే కానక్కర్లేదు, తను మూర్ఖుణ్ని కానని గట్టి నమ్మకం ఉన్నవాడైతే చాలు.

మూడోసారి ఇచ్చిన మాత్రలూ అయిపోయి గడ్డ మళ్లీ లేచినప్పుడు పిల్లకు మెట్లెక్కితే దగ్గొచ్చేది. తల్లి పని మానేసి కూర్చుంది. "ఇగ మీరు ఆగుండ్రి సార్" అని నాతో ఒకే ఒక్క మాట అని, పిల్లను పట్నంలో పెద్దదవాఖానకు తీసుకెళ్లింది. భర్త, అత్త, వెనకే నేను.

అక్కడి పిల్లల డాక్టరమ్మ మెడ, చంకలు, పొట్ట నెమ్మదిగా తడిమి చూసింది. నేను ఖాళీ మాత్రల పట్టీ చేతికిచ్చాను. ఆమె దాన్ని తిప్పి చూసి నా వైపు చూసింది.

"ఇది ఎన్నిసార్లు వాడారు?"

"మూడుసార్లు."

"వాడినప్పుడల్లా తగ్గింది. తగ్గిందని సంతోషపడ్డారు."

"అవునండీ."

ఆమె అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. ఒంటినిండా ఈ గ్రంథులు కాపలా చౌకీల్లాంటివని, ఏదైనా క్రిమి వస్తే అవి వాచి, పని అయ్యాక తగ్గుతాయని చెప్పింది. అలా తగ్గకుండా, నొప్పి లేకుండా, రబ్బరులా పెరుగుతూ పోతుంటే మాత్రం కాపలా కణాలే అదుపు తప్పాయేమోనని చూడాలంది. దాన్నే లింఫోమా అంటారని, రక్తానికి సంబంధించిన ఒక కాన్సరని చెప్పింది. పిల్లల్లో చాలావరకు నయమవుతుందని కూడా చెప్పింది. క్షయ కూడా ఇలాగే ఉంటుంది, గడ్డలోంచి ముక్క తీసి చూస్తే తప్ప ఏదో తేలదంది. ఇక ఆ తెల్లమాత్రలు స్టెరాయిడ్లు, ఏ వాపునైనా గబగబా అణిచే మందు; సూదిలోనూ అదే అయి ఉంటుందంది. లింఫోమా అయితే అవి కొన్ని కణాలను చంపి గడ్డను కొన్నాళ్లు అణిచేస్తాయి. జబ్బు పోదు, దాక్కుంటుంది. ఆ సమయంలో ముక్క తీసినా ఒక్కోసారి ఏమీ దొరకదు.

"ఎల్లుండి ముక్క తీద్దాం" అంది.

నానమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని లేచింది. "కత్తి తగిల్తే పాకుతది. మా ఆడిబిడ్డ గట్లనే వోయింది. నా పిల్లను కొయ్యనియ్య."

కొడుకు తల దించుకున్నాడు. తల్లి మాట కాదనడం అతనికి చేతకాదు. కోడలు ఏడుపు ఆపుకుంటోంది. డాక్టరమ్మ ఎంత చెప్పినా ముసలామె గుమ్మం దాకా వెళ్లిపోయింది. ముక్క తీస్తే పాకదని ఆమెకు తెలిసిన మనిషిగా చెప్పగలిగినవాణ్ని అక్కడ నేను ఒక్కణ్నే. ఆ మాట చెప్పే హక్కు నేనే పోగొట్టుకున్నాను. నలుగురిలో ఆమెను అవమానించిన మనిషి మాట ఆమె ఎందుకు వినాలి?

వరండాలో బెంచీ మీద ఆమె పక్కన కూర్చున్నాను.

"అవ్వా, పొరపాటు నాది. నువ్వు గింజను నమ్మావు, నేను సూదిని నమ్మాను. అందులో ఏముందో నాకూ తెలియదు. తెలిసినవాడిలా నీ మీద అరిచాను. నీ జీడి చర్మం కాల్చింది. నేను వేయించిన మందు జబ్బును మూడు నెలలు దాచిపెట్టింది. నాదే పెద్ద తప్పు."

ఆమె పిల్ల మెడ మీది నల్లమచ్చలను వేలితో తడిమింది. పిల్ల ఆమె ఒళ్లో తల పెట్టుకుని దగ్గుతోంది.

"మా ఆడిబిడ్డను కోసినంక వోయిందా, అంతకు ముందే ముదిరిందా?" అంది చివరికి, నన్ను కాదు, తనను తానే అడుగుతున్నట్టు. తర్వాత నా వైపు తిరిగింది. "నేను జీడి వెట్టిన, నువ్వు సూది ఏపిచ్చినవ్. ఇగ మనిద్దరం నోరు మూసుకుందం. ఆమె ఏం జెప్తే గదే జేద్దం."

ముక్క తీశారు. లింఫోమాయే. మందు ఆగి కొన్నాళ్లు కాబట్టి దొరికింది, అదృష్టం. కానీ అప్పటికి ఛాతీలోకి దిగింది. తొలిసారి గడ్డ కనిపించినప్పుడే వచ్చి ఉంటే తక్కువ మందుతో పోయేదేమో. నెలల తరబడి సూదులు, వాంతులు, ఊడిన జుట్టు, పోయిన ఏడాది చదువు. పిల్ల బతికింది. 2014లో నేను బదిలీ మీద వెళ్లేనాటికి ఐదో తరగతిలో ఉంది, జడ భుజం దాటింది. నానమ్మ జీడి మానేసింది. ఎవరైనా వాపుతో వస్తే దవాఖానకు పొమ్మని కసిరేది.

పిల్ల బతికింది కాబట్టి ఊరు అందర్నీ క్షమించింది. నన్ను కూడా. నాకు ఆ క్షమ వద్దు. సాతంరాయిలో ఆ పచ్చ పరదా ముందు వరుస తగ్గలేదు. పొద్దుగూకేలోపు తగ్గాలని మనం పట్టుబడతాం కాబట్టే పొద్దుగూకేలోపు తగ్గించే మందు అమ్ముతారు. పిల్లకు ఏమిస్తున్నారో అడగడం అమర్యాద అనుకుంటాం. చదువుకున్నవాళ్లం కూడా.

అడగండి. మీ పిల్లకు ఎవరు ఏ సూది వేసినా దాని పేరు కాగితం మీద రాయించుకోండి, రాయనంటే పిల్లను తీసుకుని లేచి వచ్చేయండి. మెడలోనో చంకలోనో గడ్డ రెండు మూడు వారాలైనా తగ్గకపోతే, నొప్పి లేకపోయినా సరే, స్టెరాయిడ్ పడకముందే పెద్దాసుపత్రికి వెళ్లి పిల్లల డాక్టరుకు చూపించండి. ముక్క తీసి చూడాలంటే సంతకం పెట్టండి.