జ్వరం మీదున్న కోడి

2022 జూలై 19, మంగళవారం ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలకు, ఏలూరులో నేను పనిచేసే పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాల మెట్ల మీద సత్యవతి అనే ఆవిడ నన్ను ఆపింది. నేను అక్కడ ల్యాబ్ టెక్నీషియన్‌ని. అప్పటికి పదవీ విరమణకు ఇంకా పది నెలలున్నాయి. వచ్చిన నమూనాకు నంబరు వేయడం, స్లైడుకు రంగు పట్టించడం, మైక్రోస్కోపులో కనిపించినది రిజిస్టరులో రాయడం నా పని. వ్యాధి పేరు రాసి సంతకం చేసే అధికారం డాక్టరుగారైన మా అధికారిది.

సత్యవతి కైకలూరు అవతల ఒక లంక గ్రామంలో కోళ్ళకు టీకాలు వేసే ఒప్పంద ఉద్యోగిని. ఆమె చేతిలో ఒక మెమో ఉంది. ఆ ఊళ్ళో వెంకాయమ్మగారి పెరట్లో రెండు విడతల కోళ్ళు తల వాల్చి, ఆకుపచ్చగా పారుకుని చనిపోయాయి. రెండుసార్లూ మా నివేదిక కొక్కెర తెగులు అన్నది. టీకా పడితే ఆ తెగులు రాకూడదు గనుక, ఆమె వేయకుండానే వేసినట్టు రాసుకుందని అభియోగం. వారంలోగా సరైన సంజాయిషీ ఇవ్వకపోతే ఉద్యోగం పోతుంది.

"ఐసు డబ్బా భుజానేసుకుని ఇల్లిల్లూ తిరిగానండీ. ఇప్పుడు సాక్ష్యానికి కోళ్ళని తెమ్మంటారా?" అంది.

లోపలికి వెళ్ళి రిజిస్టరు తీశాను. రెండు స్లైడులూ నేను చూసినవే. రెండుచోట్లా 'క్రిములు కనిపించలేదు' అని నా చేతిరాత. రెండూ చనిపోయిన కోళ్ళ రక్తం. నా తప్పు అప్పుడు తెలిసింది.

కోళ్ళకు పిడుదుల వల్ల వచ్చే జ్వరం ఒకటుంది. దానికి కారణం బొర్రేలియా జాతి బ్యాక్టీరియా. సాగదీసిన స్ప్రింగు ముక్కలా మెలికలు తిరిగి ఉంటుంది. లక్షణాలు దాదాపు కొక్కెర తెగులువే. అయితే ఈ క్రిమి జ్వరం బాగా ఉన్న రోజుల్లోనే రక్తంలో విరివిగా కనిపిస్తుంది. కోడి చావుకు దగ్గరయ్యేసరికి తరచు మాయమవుతుంది. చచ్చిన కోడిలో అది కనిపించలేదంటే లేదని అర్థం కాదు. శిక్షణలో చదువుకున్న సంగతే. రాసేటప్పుడు గుర్తు రాలేదు.

జబ్బు చేసిన కోడిని బతికుండగా పంపించమని చెప్పాను. ఆ దిగులులోనూ సత్యవతి నవ్వింది.

"బతికున్నది మీకెవరిస్తారండీ? తల వాల్చగానే కోసేస్తారు. బతికుంటే కూరకి, చస్తే ఆఫీసుకి!"

మా బల్ల మీదికి ఇన్నేళ్ళూ చచ్చిన కోళ్ళే ఎందుకు వచ్చాయో ఆ ఒక్క మాటతో తెలిసింది. మర్నాడు సెలవు పెట్టి ఆ ఊరు వెళ్ళాను. టెక్నీషియన్‌కు ఊళ్ళు తనిఖీ చేసే అధికారం లేదు. ఆ సంగతి తెలిసే వెళ్ళాను.

సత్యవతిని చూడగానే వెంకాయమ్మగారు అందుకున్నారు. "రావమ్మా, రా! మళ్ళీ నీళ్ళు పొడవడానికి వచ్చావా? ఈసారి సాక్షిని కూడా తెచ్చుకున్నావే!"

మూడో విడత కోళ్ళలో రెండు తల వాల్చి ఒక మూల కూర్చుని ఉన్నాయి. ఒకదాని రెక్క కింది నరం నుంచి చుక్క రక్తం తీసి స్లైడు మీద పరిచాను. ఈకలు విప్పి చూస్తే పిడుదులు లేవు. ఈ జాతిలో ఎదిగిన పిడుదులు రాత్రిపూట మాత్రమే వచ్చి రక్తం తాగి, తెల్లవారేలోగా దాక్కుంటాయి. గూడు ఎప్పటిదని అడిగాను. ప్రతి విడతకూ గూడు కడిగి, సున్నం కొట్టి, కొత్త కోళ్ళను దించానని ఆవిడ గట్టిగా చెప్పారు. నిజమే, గూడు శుభ్రంగా ఉంది. కానీ అది నిలబడింది నాలుగు పాత తాటి మొద్దుల మీద. వాటినెవరూ ముట్టుకోలేదు. కత్తి మొనతో ఒక మొద్దు బీటను పెకలిస్తే నల్లిలా బల్లపరుపుగా ఉన్న పిడుదులు జలజలా రాలాయి. తిండి లేకుండా నెలల తరబడి బతకగల జీవులవి. కొత్త కోళ్ళు రావడమే వాటికి కావలసింది.

వెంకాయమ్మగారు వంగి ఆ బీటలోకి చూశారు. "మొద్దులు మా మావగారు వేయించినవండీ" అన్నారు.

గురువారం స్లైడుకు జీమ్సా రంగు పట్టించి, నూనె చుక్క వేసి చూశాను. ఎర్రకణాల మధ్య మెలికల క్రిములు గుంపులుగా ఉన్నాయి. ఉన్నది ఉన్నట్టు రిజిస్టరులో రాశాను. పాత రెండు నమోదుల పక్కనా 'చనిపోయిన పక్షి రక్తం. దీనిని బట్టి ఏమీ చెప్పలేము. పొరపాటు నాది' అని రాసి సంతకం చేశాను.

మా అధికారి పిలిపించారు. ఆ ఊరి పశువుల డాక్టరు లేఖ లేని నమూనా చెల్లదనీ, రాసినదంతా కొట్టివేయమనీ అన్నారు.

"కొట్టివేయనండీ. తప్పనుకుంటే పక్కన ఆ మాట రాసి మీరు సంతకం పెట్టండి."

"సూర్యనారాయణగారూ, రోగ నిర్ధారణ మీ పని కాదు."

"నిర్ధారణ రాయలేదండీ. కనిపించింది రాశాను. లెన్సు అక్కడే ఉంది, మీరూ చూడండి."

ఆయన లేవలేదు. మా ఇంట్లో సంతకం చేయడం నేర్చిన మొదటివాణ్ణి నేను. దాని పైన ఉన్నదేమిటో చూసుకోకుండా సంతకం పెట్టడం గానీ, భయపడి వెనక్కి తీసుకోవడం గానీ నాకు చేతకాదు. లేఖ కావాలన్నారు గనుక సత్యవతికి ఫోను చేసి, అక్కడి డాక్టరుగారి లేఖతో బతికున్న కోడిని పంపమన్నాను.

శుక్రవారం పదకొండు గంటలకు వెంకాయమ్మగారే బుట్టలో రెండు కోళ్ళతో బస్సు దిగి వచ్చారు. లేఖ మా అధికారి బల్ల మీద పెట్టి, ఎదుటి కుర్చీలో కూర్చున్నారు.

"కూర మానుకుని తెచ్చానండీ. జబ్బు పేరు చెప్పందే కదలను. ఆ పిల్ల టీకా వేసింది, నేనే తిట్టాను. అది కూడా రాయండి."

రెండు స్లైడులూ ఆమె ఎదుటే తయారుచేశాను. అధికారి లేచి వచ్చి లెన్సులో చూశారు. చాలాసేపు చూశారు. తరువాత కలం తీసి వ్యాధి పేరు మార్చి రాశారు.

కొక్కెర తెగులు కాదని తేలడంతో సత్యవతి మెమో రద్దయింది. పెన్సిలిన్ ఇంజెక్షనుతో ఆ రెండు కోళ్ళూ కోలుకున్నాయి. అనుమతి లేకుండా ఊరు వెళ్ళినందుకు నాకు మందలింపు వచ్చింది. అది నా సర్వీసు రిజిస్టరులో ఇప్పటికీ ఉంది. తీసివేయమని నేను అర్జీ పెట్టలేదు, పెట్టను.

కనిపించకపోవడానికీ లేకపోవడానికీ తేడా ఉందని, ఆ తేడా రాయకపోతే దాని భారం మనకంటే కింద ఉన్న మనిషి మీద పడుతుందని ఈ ఉదంతం నాకు నేర్పింది. ఆ తరువాత మా నమూనా ఫారంలో 'రక్తం తీసినప్పుడు పక్షి బతికి ఉన్నదా, జ్వరం ఉన్నదా' అనే గడి చేరింది. వెంకాయమ్మగారి కోళ్ళ గూడు ఇనుప గొట్టాల మీదికి మారింది.